డిసెంబరంతా క్రిస్మస్ సరే, జనవరిలో నా సంక్రాంతి మాటేమిటి?

వేయిస్తంభాల_వీధి (డ్రెస్డెన్, జర్మనీ)
డిసెంబర్ 2, 2025

అందరికీ నమస్కారం. మాది హన్మకొండ. చదువుకని ఇక్కడికి వచ్చి ఆరేళ్లయింది, పెళ్లయి ఏడాదిన్నర. మా ఆయన ఈ దేశంవారే. నా గొడవ చిన్నదే కానీ, చెప్పుకోవడానికి చుట్టుపక్కల తెలుగువాళ్లు తక్కువ.

ఇక్కడ క్రిస్మస్ ఒక్కరోజు పండుగ కాదు. మొన్న ఆదివారమే మొదలైంది. బల్ల మీద పచ్చని కొమ్మల చుట్ట, దానిమీద నాలుగు కొవ్వొత్తులు. వారానికొకటి వెలిగిస్తారు, నాలుగోది వెలిగేసరికి పండుగ గుమ్మంలో ఉంటుంది. ఊరి మధ్యలో 1434లో మొదలైన సంత ఇప్పటికీ పెడుతున్నారు. 24 సాయంత్రానికి అత్తమ్మ వాళ్ల ఊరికి, ఎర్ట్స్‌గెబిర్గె కొండల్లోకి వెళ్లాలి. అక్కడ ప్రతి కిటికీలో విల్లు ఆకారంలో దీపాల తోరణం ఉంటుంది. ఆ రాత్రి తొమ్మిది రకాలు వడ్డిస్తారు. పప్పుగింజలు తింటే ఏడాదంతా చిల్లరకు కొదవ ఉండదట. తింటూ మధ్యలో ఎవరూ లేవకూడదట. పోయినసారి కారం సీసా కోసం లేవబోతే మామయ్య భుజం పట్టి కూర్చోబెట్టారు.

ఇదంతా నాకు ఇష్టమే. నా బాధ జనవరి గురించి. పోయిన సంక్రాంతినాడు ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేసరికి చీకటి పడి రెండు గంటలైంది. మా ఆయన పాపం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. "ఇప్పుడు మనం ఏం చేయాలి?" అని అడిగారు. నాకు జవాబు తెలియలేదు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ అమ్మ, వాడకట్టు ఆడవాళ్లు కలిసి చేసేవారు, నేను తినేదాన్ని. సేమ్యా పాయసం కాచి, అమ్మకు ఫోను చేసి, ఏడ్చి పడుకున్నాను.

ఈసారి అమ్మ ముందే జాగ్రత్త పడింది. ఆడపిల్లను ఇచ్చిన ఇంటికి సకినాలు పంపకపోతే ఎలా అని కొరియర్ చేసింది. సకినాలు పోసిన డబ్బా వచ్చింది, సకినాలు మాత్రం రాలేదు. వచ్చింది పొడి. అత్తమ్మ చెంచాతో తిని బాగుందన్నారు. ఆవిడ మంచిదే, అదే నాకు ఇంకా ఏడుపు తెప్పించింది.

ఫ్లాటులో సకినాలు చేసుకోవచ్చా? వాళ్ల పండుగకు మేం ఏటా వెళుతున్నాం కాబట్టి నా పండుగకు రమ్మని వాళ్లను పిలవడం మర్యాదేనా? సెలవు పెట్టాలా, ఆదివారానికి జరుపుకోవాలా?

కాజీపేట_జంక్షన్ (లెస్టర్, ఇంగ్లండ్)
డిసెంబర్ 2, 2025

అక్కా, సలహా తరువాత. మొదట ఒక పేచీ. "వాళ్ల పండుగ" అన్నారే, అది మాకు కూడా పండుగే. మా నాన్నది రైల్వే ఉద్యోగం. ఫాతిమా చర్చిలో అర్ధరాత్రి ఆరాధన అయ్యాక చలికి పళ్లు కొట్టుకుంటూ స్కూటరు మీద ముగ్గురం ఇంటికి వచ్చేవాళ్లం. తెల్లారితే మటన్ బిర్యానీ, పక్కింటివాళ్లకు కేకు పళ్లాలు. మెదక్ చర్చిని 1924 డిసెంబర్ 25న ప్రారంభించారు. డోర్నకల్‌లో గోపురాలు, స్తంభాలతో గుడిలాగా కట్టిన కెథెడ్రల్ 1939 నాటిది. ఇదేమీ నిన్న విమానంలో దిగిన పండుగ కాదు.

నా కష్టం మీకు తిరగేసి ఉంది. మా ఆయన నర్సంపేట హిందువు. ఇక్కడికి వస్తే క్రిస్మస్ దేశం కదా, ఊరంతా నాతో పాడుతుందనుకున్నాను. 25న బస్సు లేదు, రైలు లేదు, వీధిలో పిట్ట లేదు. అందరూ తలుపులు వేసుకుని తింటారు. రాత్రిళ్లు ఇంటింటికీ వచ్చి పాడే యువకుల గుంపు కోసం మొదటి ఏడాది కిటికీ దగ్గర కూర్చున్నాను. చివరికి మా ఆయనే గిన్నె మీద గరిటెతో తాళం వేస్తూ హాలులో నుంచి పడకగదిదాకా ఊరేగింపు తీశారు. ఒక్కరే. పాట రాదు, తాళం మాత్రమే.

పిలవండి. మర్యాదేమిటి, వాళ్లు మిమ్మల్ని పిలిచినప్పుడు ఆలోచించారా?

జగిత్యాల_పరదేశి (దుబాయ్)
డిసెంబర్ 3, 2025

చెల్లీ, సకినాలు పొడి కావడం ప్యాకింగు తప్పు. అమ్మగారికి ఇలా చెప్పండి. స్టీలు డబ్బా, ప్లాస్టిక్ వద్దు. అడుగున మరమరాలు రెండు వేళ్ల మందం. సకినాలు పడుకోబెట్టకుండా గాజుల్లా నిలువుగా పేర్చాలి. సందుల్లో మళ్లీ మరమరాలు. మూత పెట్టి ఊపి చూడాలి, చప్పుడు వస్తే ఇంకా నింపాలి. మా క్యాంపులో ఎవరు సెలవు నుంచి తిరిగి వచ్చినా తన సంచిలో నలుగురి ఇళ్ల డబ్బాలు తెస్తాడు. పన్నెండేళ్లలో విరిగినవి తక్కువ.

పాలకోవా పెట్టిన గరిజలు మాత్రం పంపించవద్దనండి. పాలతో, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి ఐరోపా యూనియన్‌లోకి రానివ్వరు.

మీరందరూ జంటగా ఉండి పండుగ ఎలా అని అడుగుతున్నారు. ఇక్కడ భార్యను తెచ్చుకోవాలంటే జీతం 4,000 దిర్హాములన్నా ఉండాలి, లేదా 3,000తోపాటు కంపెనీ ఇల్లు ఇవ్వాలి. మా గదిలో ఎనిమిది మందిమి, ఆ లెక్క ఎవరికీ కుదరలేదు. కోపంతో రాయడం లేదు. మీ ముచ్చట్లు చదవడం బాగుంది, రాస్తూ ఉండండి.

కాకాజీకాలనీ_పిన్ని (హన్మకొండ)
డిసెంబర్ 3, 2025

బిడ్డా, అమ్మాయి కాన్పుకు న్యూజెర్సీలో ఆరు నెలలు ఉండి వచ్చాను కాబట్టి మీ హీటర్ల సంగతి నాకు తెలుసు. విను.

కొట్లో అమ్మే పొడి బియ్యప్పిండి వద్దు. అందులోనూ జిగురు బియ్యం పిండి తెచ్చావో, నూనెలో ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుపోతుంది. కిలో బియ్యం రాత్రి నానబెట్టు. పొద్దున నీళ్లు వంచి గుడ్డ మీద పోయి. చేత్తో ముడితే చెమ్మ తెలియాలి, నీళ్లు అంటకూడదు. అప్పుడు మిక్సీలో కొంచెం కొంచెంగా పట్టి జల్లించు. అక్కడ పిండిగిర్ని ఉండదు కదా, జల్లెడ పట్టే పని మీ ఆయనకు అప్పగించు, అది ఓపిక పని. పావు కిలో నువ్వులు, రెండు చెంచాల వాము, ఉప్పు. పిండి చపాతీ ముద్దకంటే మెత్తగా, జారిపోకుండా ఉండాలి.

పరిచిన పాత నూలు చీర మీద బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని మెలిపెడుతూ చుట్లు తిప్పాలి. ఇక్కడే మీ దేశంలో తిరకాసు. హీటరు వేసి ఉంటే గాలి పొడిబారిపోయి నువ్వు మూడో చుట్టు తిప్పేలోపల మొదటి చుట్టు పగులుతుంది. ఆ గదిలో హీటరు కట్టెయ్. పిండి మీద తడిగుడ్డ కప్పి ఉంచు. చీర తడిని కొంత పీల్చుకున్నాక సకినం దానంతట అదే లేస్తుంది. తొందరపడి తడిగా వేస్తే నూనె చిమ్ముతుంది, మరీ ఎండితే చేతిలోనే విరుగుతుంది.

ఇంకొక మాట. ఒక్కదానివే కూర్చోకు. మా వాడలో ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో చేసేది అందుకే. ఒక మనిషి చుట్టాలి, ఒకరు ఎత్తాలి, ఒకరు కాల్చాలి. రెండు చేతులతో అయ్యే పిండివంట కాదు.

వేయిస్తంభాల_వీధి
డిసెంబర్ 3, 2025

పిన్నీ, ఇది అచ్చు వేయించి వంటింట్లో అంటిస్తాను. కాజీపేట చెల్లీ, నిజమే, తప్పు ఒప్పుకుంటున్నాను, శీర్షిక మార్చాను. ఊరేగింపు సంగతి చదివి ఆఫీసులో పైకే నవ్వాను.

ఇంకొక చిక్కు. అమ్మ నోము నోచుకోమంటోంది. మా ఇంట్లో పదమూడు వస్తువులు పదమూడుమంది ముత్తయిదువలకు ఇస్తారు. మా అంతస్తులో ఆడవాళ్లు ముగ్గురు. ఒకావిడ విడాకులు తీసుకున్నారు, ఒకావిడ భర్త పోయారు, మూడో ఆవిడ పెళ్లి వద్దనుకుని కుక్కను పెంచుకుంటున్నారు.

కాకాజీకాలనీ_పిన్ని
డిసెంబర్ 3, 2025

ముగ్గురికీ ఇవ్వు. కుక్క ఉన్నావిడకు రెండు ఇవ్వు. మీ అమ్మ అడిగితే పిన్ని చెప్పిందను.

నిర్మల్_కొయ్యబొమ్మ (స్టాక్‌హోం, స్వీడన్)
డిసెంబర్ 5, 2025

ఎర్ట్స్‌గెబిర్గె అన్న పేరు చూసి ఆగాను. అది కొయ్యబొమ్మల సీమ కదా! గనులు చితికిపోయాక గని కార్మికులు చెక్కపని పట్టి బతికిన ఊళ్లు. మీ మామయ్యకు క్రిస్మస్ కానుక ఇంకేదీ వెతకకండి, నిర్మల్ బొమ్మలు ఇవ్వండి. పునికి చెక్కను చెక్కి, అతుకులకు చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపి పూసి, ఆపైన రంగు వేస్తారు. పళ్లు, పక్షులు చాలామంది తెస్తారు. మీరు వృత్తులవాళ్ల బొమ్మలు ఎంచుకోండి.

మంచుమీద ముగ్గు వేసే ఆలోచన ఉంటే బియ్యప్పిండి దండగ, తెల్లమీద తెల్ల కనబడదు. నేను పసుపు, కుంకుమతో వేశాను. పక్కింటి తాత ఎవరికో దెబ్బ తగిలి రక్తం కారిందనుకుని తలుపు తట్టాడు. ఇక్కడ 24 మధ్యాహ్నం మూడింటికి దేశం మొత్తం టీవీలో పాత డొనాల్డ్ డక్ చూస్తుంది. ఏటా అదే కార్యక్రమం. నా భార్య, ఇక్కడి అమ్మాయి, మాటలన్నీ ముందే చెప్పేస్తుంది. మొదట పిచ్చి అనుకున్నాను. ఇప్పుడు రెండున్నరకే కాఫీ పెడుతున్నాను.

భౌతికశాస్త్రం_సార్ (కరీంనగర్)
డిసెంబర్ 6, 2025

తేదీ సంగతి ఎవరూ చెప్పలేదు. మన పండుగల్లో ఎక్కువ భాగం తిథిని బట్టి వస్తాయి, సంక్రాంతి అలా కాదు. సూర్యుడు మకరరాశిలో ప్రవేశించడమే లెక్క. అందుకే ఇంగ్లీషు తేదీ పెద్దగా కదలదు. కానీ మన సంవత్సరం మనం వాడే క్యాలెండరు కంటే పిసరంత పొడవు కాబట్టి దాదాపు 72 ఏళ్లకు సంక్రాంతి ఒక రోజు ఆలస్యమవుతుంది. వివేకానందుడు పుట్టింది సంక్రాంతినాడు, ఆ రోజు 1863 జనవరి 12. ఇప్పుడు మనం 14, 15 దగ్గర ఉన్నాం. ఈసారి మన క్యాలెండర్లలో 14 బుధవారం భోగి, 15 గురువారం సంక్రాంతి.

ఆకాశంలో సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లేది డిసెంబర్ 21 ప్రాంతంలో. అంటే మీ అత్తగారి కొవ్వొత్తుల చుట్టే ఆ సంఘటనకు దగ్గరగా ఉంది, మన ముగ్గు దూరమైంది.

కాజీపేట_జంక్షన్
డిసెంబర్ 6, 2025

సార్, ఆవిడ సెలవు పెట్టాలా వద్దా అని అడిగారు. మీరు సూర్యుడికి సెలవు మంజూరు చేశారు.

భౌతికశాస్త్రం_సార్
డిసెంబర్ 6, 2025

గురువారం పూజకు అరపూట, శనివారం సకినాలకు రోజంతా. ఇంతే.

ఎల్‌ఎండి_కట్ట (టొరంటో, కెనడా)
డిసెంబర్ 9, 2025

నాదీ కరీంనగరే. రాయాలా వద్దా అని వారం ఆలోచించాను. నేనూ ఒక పంజాబీ అమ్మాయీ రెండేళ్లుగా కలిసి ఉంటున్నాం. పెళ్లి కాలేదు. వాళ్లింట్లో తెలుసు, మా ఇంట్లో తెలియదు. పోయిన జనవరి 13న లోహ్రి చేశాం. మంట వేసి నువ్వులు, బెల్లం, పల్లీలు అందులో వేయడం, అచ్చం మన భోగి. మర్నాడు అమ్మ వీడియో కాల్ చేసింది. ఆ అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్లి నలభై నిమిషాలు నిలబడింది. గోడ అవతల తను ఉందని తెలిసి, అమ్మకు "ఒంటరిగానే ఉన్నానమ్మా, అలవాటైపోయింది" అని చెప్పాను. ఆ మాట తనకు అర్థమయ్యేంత తెలుగు వచ్చు.

ఈసారి తను ఒకటే అడిగింది. "ఫోనులో కనబడకపోయినా పరవాలేదు, ఒంటరిగా ఉన్నానని మాత్రం చెప్పవద్దు" అని.

కాజీపేట_జంక్షన్
డిసెంబర్ 9, 2025

తమ్ముడూ, ఆ అమ్మాయి అడిగింది చాలా తక్కువ. నేనైతే గిన్నెలు పడేసేదాన్ని.

కాకాజీకాలనీ_పిన్ని
డిసెంబర్ 10, 2025

బాబూ, మా అబ్బాయి మూడేళ్లు ఇలాగే చెప్పాడు. వీడియోలో వెనక తాడు మీద ఆరేసిన చున్నీ కనబడేది. నేను అడగలేదు, వాడు చెప్పలేదు. ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్లం. అక్కడ చలి ఎంత, ఇక్కడ చలి ఎంత. ఆ మూడు సంక్రాంతులు ఊరికే పోయాయి. మీ అమ్మ ఏమంటుందో నేను చెప్పలేను. నాకైతే కోపం పెళ్లి కాకుండా ఉన్నందుకు తక్కువ, నన్ను అంత తెలివితక్కువదాన్ని అనుకున్నందుకు ఎక్కువ వచ్చింది.

జగిత్యాల_పరదేశి
డిసెంబర్ 10, 2025

చెప్పడానికి పండుగ రోజు ఎంచుకోకు తమ్ముడూ. పండుగకు ఇంటినిండా చుట్టాలుంటారు, అమ్మ ఎవరి ముందూ ఏడవలేదు. నాలుగు రోజులు ముందు చెప్పు.

నిర్వాహకులు
డిసెంబర్ 11, 2025

సహజీవనం తప్పా ఒప్పా అని మొదలైన పద్నాలుగు వ్యాఖ్యలను వేరే చర్చకు మార్చాం. ఇక్కడ పండుగ సంగతులే రాయండి.

హుస్నాబాద్_ఎండ (మెల్‌బోర్న్, ఆస్ట్రేలియా)
డిసెంబర్ 19, 2025

చలి, మంచు, హీటరు అంటున్నారు. ఇక్కడ క్రిస్మస్ తాత ఎర్ర ఉన్ని కోటులో చెమటలు కక్కుతున్నాడు. భోగిమంట వేస్తే అగ్నిమాపక శాఖవాళ్లు వస్తారు, ఎండాకాలంలో బయట మంట మీద నిషేధం పెట్టే రోజులుంటాయి. మేమిద్దరం ప్రమిద వెలిగించి దాని చుట్టూ తిరుగుతాం. ఒక్క లాభం: సకినాలు ఇట్టే ఆరతాయి.

వేయిస్తంభాల_వీధి
డిసెంబర్ 27, 2025

వెళ్లి వచ్చాం. నిర్మల్ తమ్ముడూ, బొమ్మలు అందాయి. సెలవుకు ఊరికి వెళ్లిన ఒక విద్యార్థి తెచ్చిపెట్టాడు. మామయ్య రంగుల వైపు చూడనే లేదు. బొమ్మను తిరగేసి, అడుగున గోటితో గీరి, ఇంత తేలిక చెక్క ఏమిటని అడిగారు. పునికి అన్నాను. కాగితం మీద రాయించుకున్నారు. వాళ్ల కొయ్యబొమ్మల్లో గని కార్మికుడికీ దేవదూతకూ మధ్య ఇప్పుడు ఒక కుమ్మరి కూర్చుని కుండ చేస్తున్నాడు.

సంక్రాంతికి రమ్మని అక్కడే అడిగాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. నా గుండె జారింది. అప్పుడు అత్తమ్మ, "ఏడాదిన్నర నుంచి ఎదురుచూస్తున్నాం, పిలవకుండా రాకూడదు కదా" అన్నారు. ఈ దేశంలో పిలవందే రారు, మన ఊళ్లో పిలవకుండా రావాలి. నేను అటు, వాళ్లు ఇటు కూర్చుని ఉన్నాం ఇన్నాళ్లూ.

వేయిస్తంభాల_వీధి
జనవరి 18, 2026

నిన్న చేశాం. మొత్తం ఏడుగురం: మేమిద్దరం, అత్తమ్మ, మామయ్య, కుక్క ఉన్నావిడ, ఇక్కడ చదువుకునే హుజూరాబాద్ అబ్బాయిలు ఇద్దరు. గురువారం పొద్దున వీడియోలో అమ్మ చెబుతుంటే పూజ అయింది, బాల్కనీలో ముగ్గు వేశాను.

మా ఆయన జల్లెడ పట్టారు, రెండు గంటలు, కనుబొమలు తెల్లబడేదాకా. మొదటి పదకొండు సకినాలు విరిగాయి. లెక్కపెట్టింది అత్తమ్మ. హీటరు కట్టేసినందుకు అందరం కోట్లు తొడుక్కుని నేలమీద కూర్చున్నాం. మామయ్య వాళ్ల ప్రాంతంలో ఒక పని ఉందట: చెక్క చక్రాన్ని తిప్పుతూ చెక్కి, తరువాత నిలువునా ముక్కలు కోస్తే ఒక్కో ముక్క ఒక జంతువు బొమ్మ అవుతుంది. సకినం చూసి అదే గుర్తుకొచ్చిందన్నారు. కానీ ఆయన చేతికి రాలేదు. చెక్కను తొలిచే చెయ్యి పిండిని గట్టిగా నొక్కేస్తుంది. అందరిలోకి చక్కగా చుట్టింది కుక్క ఉన్నావిడ. ఆవిడకు ఊలు అల్లడం వచ్చు.

రెండో వాయిలో నూనె పొగకు నడవాలోని పొగ అలారం మోగింది. పై అంతస్తు ముసలాయన చెప్పులు లేకుండా దిగివచ్చారు. తిట్టడానికే వచ్చారు. చేతిలో రెండు సకినాలు పెట్టాం. తిట్టారు, తిన్నారు, ఇంకా రెండు తీసుకుని వెళ్లారు.

అత్తమ్మ వస్తూ ఒక రేకుడబ్బా తెచ్చారు. అడుగున క్రిస్మస్‌కు చేసిన చుక్కల బిస్కెట్లు కొన్ని మిగిలాయి. అవి తినేసి, డబ్బా కడిగి ఇవ్వబోతే నా చెయ్యి ఆగింది. ఖాళీ డబ్బా తిరిగి ఇస్తే అమ్మ నన్ను బతకనివ్వదు. జగిత్యాల అన్న చెప్పినట్టు నిలువుగా పేర్చి, మరమరాలు నింపి, ఊపి చూసి ఇచ్చాను. ఇందాకే ఫోటో పంపారు. ఇరవై రెండింటిలో విరిగింది ఒకటి. అమ్మకు ఆ ఫోటో చూపించాను. "వియ్యపురాలికి ఇరవై రెండేనా ఇచ్చేది?" అంది.

ఎల్‌ఎండి_కట్ట
జనవరి 18, 2026

8వ తేదీన చెప్పాను. అమ్మ ఫోను పెట్టేసింది. పండుగ రోజు చేయలేదు, నేను చేస్తే తీయలేదు. నిన్న నాన్న చేశారు. చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడారు, పిన్ని చెప్పినట్టే. పెట్టేముందు "ఆ అమ్మాయి నువ్వులు తింటుందా?" అని అడిగారు. మేడారం జాతరకు 28న ఊరి నుంచి బయలుదేరుతున్నారట. అక్కడ ఎవరి పేరున మొక్కు బెల్లం ఇస్తున్నారో చెప్పలేదు, నేను అడగలేదు.

జగిత్యాల_పరదేశి
జనవరి 19, 2026

నువ్వుల సంగతి అడిగారంటే డబ్బా సిద్ధమవుతోందన్నమాట. స్టీలు డబ్బా అని చెప్పు తమ్ముడూ, ప్లాస్టిక్ వద్దు.

కాకాజీకాలనీ_పిన్ని
జనవరి 19, 2026

బిడ్డా, ఫోటో పెద్దది చేసి చూశాను. పైవరుసలో ఎడమనుంచి మూడోది, నాలుగోది ఎర్రబడ్డాయి. సకినం తెల్లగా దిగాలి. వచ్చే ఏడు మంట తగ్గించు. కుక్క ఉన్నావిడ చుట్టినవి ఏవో చెప్పు, చూస్తాను.